ఊరక ఇచ్చుట వలన ఎవరు చెడిరి?

అనంతపురమున గాని, ధర్మవరమున గాని, కదిరిలో గాని చదువుకొన్నవారు నలుగురు కూడినచోట దానధర్మముల ప్రస్తావన వచ్చినంతనే ఒక మాట తప్పక వినబడును: "ఊరికే ఇచ్చి జనాన్ని చెడగొడుతున్నారు." ఈ మాటను న్యాయవాదులు అనుచున్నారు, ఉపాధ్యాయులు అనుచున్నారు, వర్తకులు అనుచున్నారు, బీదలకు బట్టలు, పాత్రలు, మంచములు సమకూర్చుటకై వెలసిన సేవాసంఘముల కార్యదర్శులు సైతము అనుచున్నారు. వారి వాదమును వారి పక్షమున నిలిచి చెప్పవలెనన్నచో ఇట్లు చెప్పవచ్చును: మనుష్యుడు స్వభావతః శ్రమకు వెనుదీయువాడు, అవసరమే అతనిని పనికి పురికొల్పును, ఆ అవసరమును ఉచితముగా తీర్చినచో పనిచేయవలెనను ప్రేరణ నశించును, కష్టపడక వచ్చిన వస్తువునందు అతనికి గౌరవముండదు గనుక దానిని అమ్ముకొనును, లేదా పాడుచేయును, పైగా ఉచితముగా పంచిన వస్త్రము నేతగాని బేరమును చెరచును. కాబట్టి ఇచ్చుటకు ముందు పరీక్షింపవలెను, పని చేయించుకొనవలెను, కనీసము కొంత ధరయైనను పుచ్చుకొనవలెను.

వినుటకిది నిర్దుష్టముగా తోచును. దీనిని నమ్మినవారిలో దయార్ద్రహృదయులు పెక్కుమంది గలరని నేనెరుగుదును. అయినను ఈ సిద్ధాంతము ఈ కరువుసీమ నేలపై నిలువజాలదనియు, దీనిని నమ్మి మనము చేయుచున్న పని బీదవానిని సోమరితనము నుండి కాపాడుటకు మారుగా అతనిని పనికే దూరము చేయుచున్నదనియు నా దృఢవిశ్వాసము.

మొదట ఈ సోమరితనమను నింద ఎవరిపై పడుచున్నదో చూడవలెను. రాజస్థానమందలి జైసల్మేరు తరువాత దేశమున అత్యల్ప వర్షపాతము గల జిల్లాగా పేరుబడి, పడమటి కనుమల చాటున ఉండుటచే నైరృతి మేఘమునకు, సముద్రతీరమునకు దూరమగుటచే ఈశాన్య మేఘమునకు సరిగా అందని ఈ అనంతపురపు పీఠభూమిపై, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురియవలసిన వాన, పైరు వాడినపుడు రాక, ఎండి నేలకొరిగిన పిమ్మట వచ్చిపోవుచుండగా, తిరిగి తిరిగి అప్పుచేసి ఎర్రనేలలో చెనిక్కాయ విత్తుచున్నవాడు సోమరియా? పంట పోయిన పిమ్మట ఆలుబిడ్డలతో బెంగుళూరునకు పోయి, కట్టుచున్న మేడల ప్రక్కన రేకుల గుడిసెలో ఉండి, ఇసుకయు కంకరయు మోయువాడు సోమరియా? కదిరి ప్రాంతము నుండి కేరళకు బండియెక్కి భాష తెలియని ఊళ్ళలో కూలి వెదకుకొను స్త్రీ సోమరియా? జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది ఈ జిల్లాలోనే, నార్పల మండలమందలి బండ్లపల్లెలోనే. దేశమంతటిలో ఈ పల్లెను ఎన్నుకొనుటకు కారణము ఇచటివారికి పని చేయు మనసు లేకపోవుట కాదు. చేయుటకు పని లేకపోవుట. నాటి నుండి నేటివరకు, ఎండ నలుబది డిగ్రీలు దాటు చైత్ర వైశాఖములలో గడ్డపారయు గంపయు పట్టి చెరువు పూడిక తీయుచున్నవారిలో సగము కంటె ఎక్కువ స్త్రీలే యన్నది ఆ పనులను ఒక్క ఉదయము చూచినవారికి ఎవరును చెప్పనక్కర లేదు.

ఇంత కష్టపడువారికి ఇంట బిందె ఏల లేదు, మారుబట్ట ఏల లేదు అని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము కరువు యొక్క నడకలో ఉన్నది. వరద ఇంటిని ఒక్క రాత్రిలో ఊడ్చుకొనిపోవును. దానిని లోకమంతయు చూచును. కరువు అట్లు రాదు. మొదటి యేడు పంట పోయినపుడు ఇల్లాలి చెవికమ్మలు కుదువ అంగడికి పోవును. విడిపించుకొందుమనియే పెట్టుదురు, వడ్డీ పెరిగి విడువవలసివచ్చును. రెండవ యేడు పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందెలు, రాగి కాగు, కంచు చెంబు తూకమునకు పోవును. ఆ పిమ్మట ఎద్దులు సంతకు పోవును. అటుపై వలస. వలసపోవు కుటుంబము తనతో కొనిపోగలిగినది రెండు గోతముల సామాను మాత్రమే. వెనుక మిగిలిన నులకమంచము, చాపలు, ధాన్యము పోసికొను గాదె తాళము వేసిన ఇంట చెదలపాలగును. కప్పు కురిసి, గోడ జారి, తిరిగివచ్చునప్పటికి ఇల్లు ఉండును గాని ఇంటిలో ఏమియు ఉండదు. ఇత్తడి బిందె పోయినచోట ప్లాస్టిక్ బిందె, కంచు పోయినచోట సత్తు బొచ్చె. అవియు పగిలినపుడు పొరుగింటి ఎరువు. ఈ క్షయమునకు ఒక తేదీ లేదు, పత్రికలలో చిత్రము లేదు, అధికారి వచ్చి వ్రాసికొను పంచనామా లేదు. ఇట్లు పదియేండ్లలో వట్టిపోయిన ఇంటిని చూచి, "వీరికి సంపాదించుకొను తెలివి లేదు" అనుట న్యాయమా?

కల్యాణదుర్గము వైపు ఒక పల్లెలో బోదకొట్టములు కొన్ని తగులబడిన పిమ్మట జరిగిన పంపకమును నేను చూచితిని. పట్టణము నుండి వచ్చిన సంఘమువారు, పేరు చెప్పను, చీరల మూట విప్పిరి. మంచి ఉద్దేశముతోనే వచ్చిరి. ఒకామె తన వంతు చీరను అందుకొని కొంగును బొటనవ్రేలితో నలిపి చూచి, వెలుతురునకు ఎత్తి పట్టి, మెల్లగా మడిచి తిరిగి బల్లపై పెట్టెను. "సారూ, చీర వద్దు. ఒక బిందె ఇప్పియ్యండి. బిందె లేక పక్కింటోళ్ళను అడుక్కోవల్ల. వాళ్ళు పట్టుకున్నాక మాకు ఇచ్చేతలికి కొళాయి నిలిచిపోతాది. మళ్ళా బోరు కాడికి పోయొచ్చేతలికి పనికి పోయే ఆటో ఎళ్ళిపోతాది." ఆ సంఘపు పెద్ద కోపపడలేదు, నవ్వి, "ఇచ్చినది తీసుకోవాలమ్మా, ఏరుకోకూడదు" అని చీరను మరల ఆమె చేతిలో పెట్టెను. ఆమె తీసికొనెను. ఆ చీర బహుశః పాలియెస్టరుది. నూలు చీరయైనచో ఆమె ముందే సంతోషముతో పుచ్చుకొనియుండును, ఏలయన నూలు చీరకు ఈ ఇండ్లలో ఒక దీర్ఘమైన ఉత్తరజీవితమున్నది. కట్టి కట్టి పలుచబడిన పిదప అది నాలుగు మడతలై బొంతగా కుట్టబడును, పసిబిడ్డకు ఉయ్యాలగును, ఆడపిల్లలకు నెలసరి గుడ్డయగును, చివరకు పొయ్యి మీది గిన్నె దింపు మసిగుడ్డయగును. పాలియెస్టరునకు ఇందులో ఒక్క జన్మయు లేదు. ఆమె వ్రేలు చూచినది ఇదియే. ఆ పెద్దమనిషికి అది ఏరుకొనుటగా కనబడినది.

ఆమె మాటలో ఒక సంపూర్ణమైన అర్థశాస్త్రమున్నది. బిందె లేకపోవుట వలన ఆమెకు నీరు లేదు. నీటికై తిరుగుట వలన ఆటో తప్పినది. ఆటో తప్పుట వలన ఆనాటి కూలి పోయినది. కొన్ని నూర్ల రూపాయల బిందె లేక ఎన్నినాళ్ళ కూలి పోవునో లెక్క వేయుడు. మారుబట్ట లేనివాడు వానలో తడిసిన మరునాడు పనికి పోలేడు. కప్పుకొనుటకు కంబళి లేని ముసలివారు మార్గశిర పుష్యముల చలిలో దగ్గుతో పడకనున్నచో వారిని చూచుకొనుటకు ఇంట ఒకరు ఆగవలెను. బడికి వేసికొనిపోవు బట్టలు చిరిగిన పిల్లవాడు సిగ్గుపడి బడి మానును. మానిన పిల్లవాడు గొర్రెల వెంట పోవును. గృహోపకరణములనగా విలాసములు కావు. అవి శ్రమించుటకు కావలసిన పనిముట్లు. నాగలి లేని రైతునకు నాగలి ఇచ్చినచో సోమరి యగునని ఎవరును అనరు. బిందె ఇచ్చినచో సోమరి యగునని అనుటకు కారణము, బిందెతో జరుగు పనిని మనము పనిగా లెక్కింపకపోవుటయే; ఆ పని ఆడవారిది గనుక అది మన కంటికి ఆనదు.

ఇంతటితో ఆగక ఈ సిద్ధాంతము యొక్క చరిత్రను కూడ చూడవలసియున్నది. ఏలయన ఇది మన చావడులలో పుట్టినది కాదు. ఈ నేలపై ఒకప్పుడు రాజశాసనముగా అమలు జరిగి, దాని ఫలమును చూపిన సిద్ధాంతమిది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన క్షామమును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిరి. నాడు అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారిలో భాగము, 1882లో విడివడినది. కరువు ముదిరిన వేళ, ఖర్చు మితిమీరుచున్నదని భయపడిన రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని మద్రాసు రాజధానికి పంపెను. ఈ టెంపుల్ సామాన్యుడు కాడు. అంతకు మూడేండ్ల ముందు, 1873–74లో, బీహారు క్షామమును ఎదుర్కొనినవాడు. బర్మా నుండి బియ్యము తెప్పించి ధారాళముగా పంచి, మృత్యువును దాదాపు గడప దాటనీయక అరికట్టినవాడు. ఆ పుణ్యకార్యమునకు అతనికి దక్కినది మెప్పు కాదు, దుబారా చేసెనను నింద. ఆ నిందతో గాయపడిన మనుష్యుడు 1877 జనవరిలో మద్రాసు వచ్చి, కరువుపనులలోని మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై స్వల్పమైన పైకము చాలునని నిర్ణయించెను. నిజముగా అవసరమున్నవాడే ఆ కూలికి వచ్చును, లేనివాడు రాడు, ప్రభుత్వద్రవ్యము వ్యర్థము కాదు అన్నది అందలి తర్కము. రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ ఇది మనుష్యుని శరీరమును నిలుపజాలని ఆహారమని, దానిపై పనిచేయించుట ప్రాణములతో ప్రయోగము చేయుటయని ప్రతిఘటించెను. కొలదినెలలలోనే మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని పెంచవలసివచ్చినది. అప్పటికే చావులు మితిమీరినవి. 1881 జనగణన వచ్చునప్పటికి ఈ సీమ జనసంఖ్యలో పడిన గండి అందరికి కనబడినది.

అవసరమును కొలుచుటకు పెట్టిన పరీక్షకు ఇంత వెల పడినది. నేటి మన సంఘములు పెట్టు పరీక్షలు ఆనాటి వానివలె ప్రాణాంతకములు కావు, నిజమే. కాని మూలసూత్రము అదియే: ఆపన్నుని నమ్మరాదు, అతని ఆపదను అతనిచేతనే ఋజువు చేయించవలెను. ఆ సూత్రమును ఈ మట్టిలో పాటించి చూచిన పిమ్మట కూడ దానిని కొత్త జ్ఞానమువలె పలుకుట నాకు దుస్సహముగా ఉన్నది.

ఆ కరువులోనే దీనికి ప్రతిగా ఒక మంచి సాక్ష్యము కూడ ఉన్నది. 1877 ఆగస్టులో మద్రాసు పౌరులు సభ చేసి ఇంగ్లండునకు తంతి పంపగా లండను మేయరు పేర విరాళములు కూడినవి. మద్రాసులో ఆ నిధిని నడిపినవారిలో ఒకడైన విలియం డిగ్బీ మరుసటి యేడు ఆ చరిత్రను రెండు సంపుటములలో వ్రాసెను. తిండి సంగతి ప్రభుత్వము చూచుచుండగా ఆ విరాళధనమును దేనికి వెచ్చించిరి? కట్టుగుడ్డలకు, కూలిన ఇండ్ల కప్పులకు, విత్తనములకు, ఎద్దులకు. ప్రాణము మాత్రము నిలిపినంతలో మనుష్యుడు తిరిగి గృహస్థుడు కాడని, గుడ్డయు కప్పును చేతికి అందినపుడే మరల నాగలి పట్టునని వారు గ్రహించిరి. ఆ ధనమును అప్పుగా ఇయ్యలేదు, పనికి బదులుగా ఇయ్యలేదు; ఊరకనే ఇచ్చిరి. పుచ్చుకొన్నవారు సోమరులై కూర్చుండిరా? వారి మునిమనుమలే నేడు బండ్లపల్లెలో గడ్డపార పట్టుచున్నవారు.

మన సీమ తన దాతను తానుగానే గుర్తుంచుకొన్నది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో తన గాదెలు తెరచి, వచ్చినవారికెల్ల అన్నము పెట్టి, విక్టోరియా రాణి ప్రభుత్వముచే బంగారు పతకమును పొందినాడు. అంతకంటె గొప్ప సంగతి, పల్లెజనుల పాటలలో నేటికిని బ్రతికియున్నాడు. వచ్చినవాడు అర్హుడా, అనర్హుడా అని ఆయన తూచి చూచినట్లు ఏ పాటయు చెప్పదు.

ఇక రెండవ ఆక్షేపణ: ఇచ్చినదానిని అమ్ముకొందురు. అమ్ముకొందురు, కొందరు అమ్ముకొందురు. రెండు కంబళ్ళు వచ్చిన ఇంట ఒకదానిని అమ్మి బిడ్డకు మందు కొన్నచో అందులో నేరమేమి? కరువుసీమ గృహిణికి బిందెయు చెంబును వంటపాత్రలు మాత్రమే కావు. కష్టకాలమునకు దాచుకొన్న నిధి కూడ అవియే. పాత్రను పైకముగాను, పైకమును పాత్రగాను మార్చుకొనుచు ఆమె ఇంటిని నిలుపుకొనుచున్నది. పట్టణవాసి బంగారమును కుదువబెట్టి కొడుకును ఇంజనీరు చదివించినచో దానిని దూరదృష్టి యని పొగడుచు, పల్లెటూరి స్త్రీ దానముగా వచ్చిన గిన్నెను అమ్మి వడ్డీ తీర్చినచో దానిని కృతఘ్నత యని నిందించుట మనకు తగదు. ఇచ్చిన పిమ్మట వస్తువు ఆమెది. దానిపై మన అధికారము అక్కడితో తీరినది.

నేతగానికి నష్టమను ఆక్షేపణము ఇంతకంటె గౌరవింపదగినది. దీనిని తొందరపడి త్రోసివేయరాదు. నష్టము కలిగించు దానము నిజముగా ఉన్నది. సంపన్నదేశములు విడిచిన బట్టలు తూర్పు ఆఫ్రికాను ముంచెత్తగా, రువాండా 2016లో వానిపై సుంకము పెంచినది. అందుకు ప్రతిగా అమెరికా 2018లో ఆ దేశపు దుస్తులకు ఇచ్చుచున్న సుంకపు మినహాయింపును నిలిపివేసినది. 2004 సునామీ పిమ్మట తమిళదేశపు తీరమున రహదారుల ప్రక్కన ఎవరును ముట్టని పాతబట్టల గుట్టలు పడియుండినవి. ఇట్టివి దానము పేర జరుగు ఇల్లు శుభ్రపరచుకొనుట. కాని దీనిని చూపి దానమునే త్రోసిపుచ్చరాదు; ఏలయన ఉచితవస్త్రము నేతగానిని బ్రతికించిన ఉదాహరణములు కూడ మన పొరుగునే ఉన్నవి. తమిళనాడులో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము 1983లో పొంగలికి బీదలకు ఉచితముగా చీర, ధోవతి ఇచ్చు పద్ధతిని ప్రారంభించినపుడు, ఆ వస్త్రములను నేయు పని మగ్గములకు ఏటేట దొరకవలెనన్నది అందలి ముఖ్యోద్దేశములలో ఒకటి. తెలంగాణమున 2017లో మొదలైన బతుకమ్మ చీరల పంపకము సిరిసిల్ల మరమగ్గములకు నెలల తరబడి పని కల్పించినది. ధర్మవరపు నేతగానికి ఉచితపు చీర వలన చేటు వచ్చెననుట వాస్తవము కాదు. అతనిని కుంగదీసినది ముడిపట్టు ధర, అతని అంచును అనుకరించు మరమగ్గము. బోదకొట్టములోని కూలిస్త్రీ ఉచితముగా నూలుచీర పుచ్చుకొన్నంత మాత్రమున అతని పెండ్లిపట్టు అమ్ముడు కాక మిగులదు.

మన సంఘములవారు నిజముగా చేనేతను ఆదుకొనవలెనన్నచో మార్గము ఎదుటనే ఉన్నది. ఈ జిల్లా గొర్రెలకు పేరుపడినది. కురుబలు ఆ ఉన్నిని వడికి, నేసి చేయు నల్లని కంబళి బరువైనది, గరుకైనది. వానకు, చలికి, ఎండకు సమానముగా పనికివచ్చి యేండ్ల తరబడి మన్నునది. నేసినవానికి కొనువారు కరవైరి. దాతల సొమ్ముతో ఆ కంబళులను కొని చలికాలమునకు ముందే పంచినచో ఒకే రూపాయి రెండు ఇండ్లలో దీపము పెట్టును.

పనికి బదులుగా బట్ట ఇయ్యవలెననువారు ఒక మహనీయమైన ఉదాహరణమును చూపుచుందురు. 1991 ఉత్తరకాశీ భూకంపమున చలికి గోనెసంచి కట్టుకొన్న మనిషిని చూచి కలతపడిన అంశు గుప్త, 1999లో ఢిల్లీలో గూంజ్ సంస్థను స్థాపించెను. పల్లెవాసులు తమ ఊరి బావినో, బాటనో తామే బాగుచేసికొనగా, దాని సత్కారముగా నగరపు మిగులుబట్టలను వారికి అందించు పద్ధతిని నెలకొల్పెను. 2015లో మెగసెసే పురస్కారము పొందెను. ఆ కృషికి నేను చేతులెత్తి నమస్కరింతును. కాని అందు పనిని ఎంచుకొనునది ఊరివారు. ఉద్దేశము వారి తల ఎత్తి నిలుపుట. మన పట్టణములలో దానిని అనుకరించువారు ఈ రెంటిని విడిచి, పనిని మాత్రము పట్టుకొనిరి. దానిని అర్హతాపరీక్షగా మార్చిరి. బాలింత ఏ బావి త్రవ్వును? కంటిచూపు పోయిన ముసలితాత ఏ బాట వేయును? కొట్టము తగులబడిన మరునాడు, బూడిదలో రేషన్ కార్డును వెదకుకొనుచున్నవానిచేత ముందు పనిచేయించి తరువాత గిన్నె ఇత్తుమనుట ఏ ధర్మము? ప్రాణముల విషయమున అంత కాఠిన్యము వహించిన ఆంగ్లప్రభుత్వము సైతము, 1880 క్షామసంఘము సిఫారసు చేసిన పిమ్మట, పనిచేయలేనివారికి ఉచితసహాయము ఇయ్యవలసినదేయని తన క్షామనిబంధనలలో ఒప్పుకొన్నది.

"విదేశధనముతో ప్రజలకు అడుక్కొను అలవాటు చేసిరి" అను మాట రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఉద్దేశించియు వినబడుచుండును. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము వచ్చి, 2009లో ఇచటనే కన్నుమూయువరకు నడిపిన సంస్థ అది. పల్లెలలో ఇండ్లు కట్టించినది, బడులు నడిపినది, బత్తలపల్లిలోను కల్యాణదుర్గములోను ఆసుపత్రులు నెలకొల్పినది. ఆ విమర్శకులు ఆ పల్లెలకు పోయి చూడవలెను. ఆ సంస్థ వలన ఇల్లు పొందిన కుటుంబములలో అనేకము తమ గూటిలో ఒక చిన్న హుండీ పెట్టుకొని, తమకంటె దిక్కులేనివారికై దినకూలిలో మిగిలిన రూపాయి రెండు రూపాయలు అందు వేయుచున్నవి. పుచ్చుకొన్న చేయి ఇచ్చు చేయి కాగలదనుటకు ఇంతకంటె ప్రత్యక్షమేమి కావలయును? సహాయము పొందుట వలన ఆ మనుష్యులు కృపణులు కాలేదు. సహాయమెట్లుండునో అనుభవమున తెలిసికొని, దానిని ముందునకు పంపుచున్నారు.

ఇంతకును, ఈ పంపకములు అవసరమున్నవారికి ఎట్లు తెలియుచున్నవో ఎవరైనను విచారించిరా? రంజానునకు మసీదుల చెంత జకాతు బట్టలు, క్రిస్మసునకు చర్చిలో దుప్పట్లు, పుట్టపర్తిలో నారాయణసేవ, దసరాకు వర్తకసంఘముల చీరలు: ఇవన్నియు మనలో ఉన్న ధర్మబుద్ధికి నిదర్శనములే. కాని ఇవి దాతల పండుగల తిథులలో జరుగుచున్నవి. ఇల్లు వట్టిపోవు తిథి వేరు. వలసపోయినవారు తొలకరి ఆశతో జ్యేష్ఠమాసమున తిరిగివచ్చి తాళము తీయునపుడు వారికి చాప కావలెను, బిందె కావలెను, పొయ్యి మీదికి గిన్నె కావలెను. ఆ నెలలో ఇట్టి పంపకపు పండుగ ఏదియు లేదు. ఎవరిని అడుగవలెనో వారికి తెలియదు. అంగన్‌వాడీ ఆయా చెప్పినచో తెలియును, ఆటోవాడు చెప్పినచో తెలియును. అడుగబోయినచోట, ఆధారపత్రము తెమ్మందురు, ఛాయాచిత్రము తీయనిమ్మందురు. దుప్పటి పట్టుకొని, ప్రక్కన దాత నిలువగా, తల వంచుకొని ఫోటో దిగవలసినదని తెలిసి, చలిని ఓర్చుకొని ఇంటనే ఉండిపోవు మానవతులు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఉచితము వలన అభిమానము చచ్చుననువారు ఇది గమనింపవలెను: అభిమానమును చంపునది వస్తువు కాదు, దానిని ఇచ్చు తీరు.

పాతబట్టల విషయమున నా అభిప్రాయము కఠినమైనది. గుండీలు ఊడిన చొక్కా, ఒంటి చెప్పు, అడుగు కారు కుక్కరు, చక్రము విరిగిన కుర్చీ ఇచ్చుటకంటె ఇయ్యకుండుట మేలు. ఉతికి, గుండీ కుట్టి, మడత పెట్టి, మన చుట్టమునకు ఇయ్యదగినట్లుగా ఉన్నదానినే ఇయ్యవలెను. ఊరికొక చిన్న గది, అందు బిందెలు, గిన్నెలు, చాపలు, నూలుబట్టలు, మంచములు. వచ్చినవారు తమకు కావలసినది తామే ఏరి తీసికొనుట. తాళపుచెవి ఆ ఊరి మహిళాసంఘము చేత ఉండుట. ఎవరికి నిజముగా లేదో ఆ స్త్రీలకు తెలిసినంతగా పట్టణపు కార్యదర్శికి ఎన్నడును తెలియదు. ఒకరిద్దరు అక్కరలేకయే తీసికొనిపోవుదురేమో; తీసికొనిపోనిండు. ఆ ఇద్దరికై నూరుమందిని పరీక్షించుట కంటె ఆ నష్టము స్వల్పము.

ప్రభుత్వము కూడ తనకు తెలియకయే నా వాదమును అంగీకరించియున్నది. విపత్తు సహాయనిధి నిబంధనల ప్రకారము, ఇల్లు కొట్టుకొనిపోయిన లేదా పూర్తిగా కూలిన కుటుంబమునకు బట్టలకై 2,500 రూపాయలు, వంటపాత్రలకు గృహోపకరణములకై మరి 2,500 రూపాయలు ఇయ్యవలెనని 2022లో అమలులోనికి వచ్చిన పట్టికలో స్పష్టముగా వ్రాయబడియున్నది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురము కాలనీలు నీట మునిగినపుడు బాధితులు సోమరులగుదురని ఎవరును అనలేదు. అనగా వస్తువును నీరు కొనిపోయినచో ఊరక ఇచ్చుట న్యాయము. నీరు లేకపోవుట కొనిపోయినచో అన్యాయము. ఈ భేదమునకు ఆధారమేమో నాకు ఎంత యోచించినను తోచుటలేదు. రాష్ట్రప్రభుత్వము కరువు మండలముల జాబితాను ప్రకటించునపుడు, విత్తనములకు, పశుగ్రాసమునకు ఉన్నట్లే, వలస నుండి తిరిగివచ్చిన కుటుంబములకు బట్టలు, పాత్రలు అను ఒక్క పద్దును అందు చేర్చవలెను. పనిదినములతో ముడిపెట్టక, పరీక్ష లేక, జ్యేష్ఠము దాటకమునుపే, ఆ మొత్తమును ఇల్లాలి పేర చెల్లింపవలెను.